మంట ఒకచోట, కాపలా అన్నిచోట్లా

అందరికీ నమస్కారం.

సైరన్ మోగిస్తూ దూసుకుపోయే ఎర్ర బండిని అందరూ ఆగి చూస్తారు. అది వెళ్లిపోయాక ఖాళీగా మిగిలిన స్టేషన్ మాటేమిటని ఎవరూ అడగరు. ప్రాంతీయ అగ్నిమాపక సంస్థ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఆ ఖాళీ స్టేషన్ దగ్గరే మొదలుపెట్టాలి.

ఒక ప్రాంతంలో పది స్టేషన్లు ఉన్నాయనుకుందాం. ఒక గోదాముకు నిప్పంటుకుంది, మూడు స్టేషన్ల బండ్లు అటు వెళ్లాయి. సరిగ్గా అప్పుడే ఆ మూడింటి పరిధిలో రెండు కార్లు ఢీకొని ఒక మనిషి లోపల ఇరుక్కుపోతే? కంట్రోల్ రూమ్‌లో కూర్చున్నవారు గోదామును చూస్తూనే ఈ సంగతీ ఆలోచించాలి. అందుకే దూరపు స్టేషన్ల నుంచి బండ్లను జరిపి ఖాళీ అయిన చోట నిలుపుతారు. చాలాసార్లు ఆ బండి రాత్రంతా అక్కడే నిలబడి, తెల్లవారాక వెనక్కి వెళ్తుంది. ఇది వృథా ఖర్చని అనేవారిని చూశాను. నేను మాత్రం ఒప్పుకోను. ఆ రాత్రి అక్కడివారు నిశ్చింతగా నిద్రపోయారంటే ఆ బండి పని చేసినట్టే.

ఒకే మంటకు అన్ని బండ్లు ఎందుకని కూడా అడుగుతుంటారు. పొగలోకి వెళ్లే మనిషి వీపున మోసే గాలి సిలిండర్ మీద 30 నిమిషాలని రాసి ఉన్నా, బరువైన గొట్టం లాగుతూ మెట్లెక్కుతుంటే అది అంతకన్నా ముందే అయిపోతుంది. లోపలికి ఎవరూ ఒంటరిగా వెళ్లరు, జంటగానే వెళ్తారు. వారికేమైనా అయితే కాపాడటానికి బయట మరో జంట సిద్ధంగా ఉండాలి. అలసినవారు బయటికొచ్చేసరికి వారి చోటు తీసుకునేవారు ఉండాలి. నీళ్లు అందించేవారు వేరు, నిచ్చెన పని చూసేవారు వేరు. లెక్క వేసుకుంటే ఆ బండ్లు ఎక్కువేమీ కావు.

మంట పెద్దదైతే పొరుగు సంస్థలను పిలవాలి. పిలవగానే సరిపోదు. 1904లో అమెరికాలోని బాల్టిమోర్ నగరం తగలబడినప్పుడు వేరే నగరాల నుంచి సహాయం పరుగున వచ్చింది. కానీ వచ్చినవారి గొట్టాల్లో చాలావాటి బిగింపులు అక్కడి హైడ్రెంట్లకు, అంటే మంటలార్పడానికి వీధుల్లో ఉంచే నీటి కుళాయిలకు, పట్టలేదు. ఎదురుగా నీళ్లున్నాయి, సాయానికి మనుషులున్నారు, రెండూ కలవలేదు. ఆ అగ్నిప్రమాదంలో 1,500కు పైగా భవనాలు నాశనమయ్యాయి. 1970లో కాలిఫోర్నియా కార్చిచ్చుల్లో తేడా వచ్చింది గొట్టాల్లో కాదు, మాటల్లో. ఒక్కో సంస్థ ఒక్కో పదం వాడేది, ఒక్కొక్కరిది ఒక్కో ఆజ్ఞ. ఆ అనుభవం నుంచే ఘటనాస్థలంలో అందరికీ ఒకే నాయకత్వం, ఒకే పదజాలం ఉండే పద్ధతి పుట్టింది. అందులో ఒక అధికారి కింద నేరుగా సుమారు ఐదుగురే ఉంటారు. అంతకుమించి మనుషులను ఆ గందరగోళంలో ఎవరూ సరిగా గమనించలేరు. అందుకే ప్రాంతీయ సంస్థలో ఉమ్మడి శిక్షణ, ఒకే రకం బిగింపులు, ఒకరి మాట ఒకరికి వినిపించే రేడియోలు అనే మూడింటికి నేను అన్నిటికన్నా ఎక్కువ విలువ ఇస్తాను. కొత్త బండి కొంటే ఫొటో వస్తుంది, వీటికి రాదు.

ఇక మీ చేతిలో ఉన్నది. అమెరికాలో వృత్తి సిబ్బంది ఉన్న స్టేషన్లకు ఒక ప్రమాణం ఉంది. అగ్నిప్రమాదమైతే దుస్తులు తొడుక్కుని బండి ఎక్కడానికి 80 సెకన్లు, మొదటి బండి ప్రయాణానికి 4 నిమిషాలు. ఈ కాలపు సోఫాల్లో, పరుపుల్లో ఉన్న ప్లాస్టిక్, స్పాంజి వల్ల ఒక గది మొత్తం భగ్గుమనడానికి 5 నిమిషాలు కూడా పట్టకపోవచ్చు. అంటే సిబ్బంది ఎంత వేగంగా వచ్చినా మంట వారికన్నా ముందుండవచ్చు. బయటికి వచ్చేటప్పుడు మీ వెనక తలుపు మూసేయండి. ఆ తలుపు పొగనూ మంటనూ కొన్ని నిమిషాలు ఆపుతుంది. ఫోన్ చేసినప్పుడు ముందు చోటు చెప్పండి, తర్వాతే మిగతా సంగతి. లైన్ మధ్యలో తెగినా ఆ ఒక్క మాటతో బండి బయలుదేరగలదు.

ప్రశ్నలు ఎక్కువ అడుగుతున్నారని కోప్పడకండి. చాలా కంట్రోల్ రూమ్‌లలో ఒకరు మీతో మాట్లాడుతుండగానే పక్కనున్నవారు బండిని పంపేసి ఉంటారు. మీరు చెప్పే మిగతా వివరాలు దారిలో ఉన్న ఆ బండికే చేరుతుంటాయి.