జీతం పెరిగితే టికెట్ పెరుగుతుందా? గుంటూరు బస్సు లెక్క

(తెరపై: గుంటూరు – విజయవాడ బోర్డు పెట్టిన బస్సు)

నమస్కారం. ఆర్టీసీ వాళ్లకు జీతాలు పెరిగాయని వార్త వస్తే చాలు, "ఇక మన టికెట్ మీద పడతారు" అంటారు. వినీ వినీ చిరాకొచ్చి ఈ వీడియో చేస్తున్నాను.

మన ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరి 1న ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వంలో కలిశారు. అప్పటి నుంచి వాళ్ల జీతం ఖజానా నుంచే వస్తోంది. 2022లో పీఆర్సీ, అంటే ప్రభుత్వ ఉద్యోగుల వేతన సవరణ, ఇచ్చిన 23 శాతం ఫిట్‌మెంట్ (మూల వేతనం మీద పెంపు) ఆర్టీసీ వాళ్లకూ వర్తించింది. అదే ఏడాది టికెట్ మీద పడింది మాత్రం డీజిల్ సెస్, అంటే డీజిల్ ఖర్చు పేరుతో వేసిన అదనపు రుసుము. రెండూ ఒకే ఏడాది వచ్చేసరికి జనం ముడిపెట్టేశారు.

మరి ఖజానా ఎవరిది? బస్సెక్కనివాళ్లది కూడా. గుంటూరు నుంచి బెజవాడకు బండి మీద వెళ్లే మనిషి కొట్టించే పెట్రోలు మీద 31 శాతం వ్యాట్ (రాష్ట్ర అమ్మకపు పన్ను), పైన లీటరుకు 4 రూపాయలు రాష్ట్రానికి పోతాయి. ఆయన డబ్బేమీ వృథా కాదు. బస్సులో ఉన్నవాళ్లంతా బండ్లు తీస్తే వారధి మీద ఆయన కదలగలడా?

ఇప్పుడు అసలు లెక్క: జీతం ఎవరు కట్టినా, ప్రయాణికుల తలకు ఎంత భారం? ఈ గుంటూరు బస్సులో డ్రైవరుకూ కండక్టరుకూ కలిపి రోజుకు 600 పెరిగిందనుకుందాం. నాలుగు ట్రిప్పులు, ట్రిప్పుకు 50 మంది. అంటే 200 మంది, తలకు 3 రూపాయలు. ట్రిప్పుకు 20 మందే ఎక్కితే? తలకు ఏడున్నర! బస్సు నిండుగానే ఉన్నా, వారధి దగ్గర ఇరుక్కుని ఒక ట్రిప్పు పోయిందంటే 4 రూపాయలు. జీతం ఒక్క పైసా మారలేదు, భారం మాత్రం మారిపోయింది. అందుకే సిబ్బందిని తిట్టేవాళ్లను నేను ఒప్పుకోను.

2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ల ఉచిత ప్రయాణ పథకం స్త్రీశక్తి వచ్చింది. పల్లెవెలుగు నుంచి ఎక్స్‌ప్రెస్ దాకా ఆడవాళ్లకు జీరో టికెట్. బస్సు నిండితే తలసరి భారం తగ్గుతుంది, కానీ ఆ టికెట్ డబ్బు కట్టాల్సింది మళ్లీ ఖజానాయే.

టైం అయిపోతోంది, ఒక్క మాట. పన్నూ పెంచక, టికెట్టూ పెంచక నెట్టుకురావాలంటే మిగిలేది ఖాళీలు నింపకపోవడం, అద్దె బస్సులు పెంచడం. అద్దె బస్సంటే ఆర్టీసీ ప్రైవేటు యజమాని దగ్గర అద్దెకు తీసుకునేది; దాని డ్రైవరు ఆ యజమాని మనిషి, పీఆర్సీ ఆయనకు రాదు. అదే రోడ్డు మీద అంతే కష్టపడే మనిషికి ఇది అన్యాయం. ఇక సిబ్బంది లేక సర్వీసు రద్దయితే, మంగళగిరి స్టాపులో గంట నిలబడి కట్టేది ప్రయాణికుడే. అద్దె బస్సుల టెండర్లు ఎలా నడుస్తాయో వచ్చే వీడియోలో చూద్దాం.