సోర్సు అందరిదీ, సభ్యత్వం ఎవరిది?

సభకు నమస్కారం.

ఆసుపత్రి సాఫ్ట్‌వేర్ గురించి మాట్లాడేటప్పుడు ‘ఓపెన్ సోర్సు’ అన్న మాటలో మనం రెండు సంగతులు కలిపేస్తుంటాం. కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చుకోవచ్చు, పంచవచ్చు అన్నది లైసెన్సు చెప్పే సంగతి. ఆ కోడ్‌లో రేపు ఏది మారాలో తేల్చే చోట ఎవరి మాట చెల్లుతుందన్నది వేరే సంగతి. దాని గురించి ఏ లైసెన్సూ ఒక్క ముక్క చెప్పదు. ఈ పూట నేను మాట్లాడదలచుకున్నది ఆ రెండోదాని గురించే.

అమెరికాలో మాజీ సైనికుల ఆసుపత్రుల్లో పుట్టిన విస్టా అనే రోగుల రికార్డుల సాఫ్ట్‌వేర్ కథ ఇందుకు మంచి ఉదాహరణ. 1970ల చివర్లో ఆ వెటరన్స్ శాఖలో కంప్యూటర్ల పెత్తనమంతా కేంద్ర కార్యాలయానిది. దాన్ని కాదని, కొందరు ప్రోగ్రామర్లు ఆసుపత్రుల్లోనే చిన్న కంప్యూటర్లు పెట్టుకొని, పక్క గదిలోని డాక్టర్లనూ ఫార్మసిస్టులనూ అడిగి తెలుసుకుంటూ, మంప్స్ అనే భాషలో ఒక్కో ప్రోగ్రామూ రాసుకుంటూ పోయారు. వాళ్లను ‘హార్డ్‌హ్యాట్స్’ అనేవారు. వాళ్ల పనికి ‘అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్’ అన్న పేరు స్థిరపడింది; బానిసత్వం నుంచి పారిపోయేవారిని గుట్టుగా దాటించిన దారుల పేరది. తమలో తాము పంచుకోవడానికి సభ్యత్వ కార్డులు కూడా తయారు చేసుకున్నారు. సర్కారుకు తెలియకుండా సర్కారు ఉద్యోగులే కట్టుకున్న సంఘం కదా, కార్డు లేకపోతే ఎలా! 1982లో శాఖ ఆ పద్ధతినే అధికారిక విధానంగా స్వీకరించింది. ఫెడరల్ ఉద్యోగులు రాసినది గనుక ఆ కోడ్ ప్రజల సొత్తయింది, ఇండియన్ హెల్త్ సర్వీస్ దాన్నే తీసుకొని అమెరికా ఆదివాసీ ప్రజల ఆసుపత్రులకు తగినట్టు మలచుకుంది.

ఆ కాలపు సభ్యత్వానికి అర్హత ఒక్కటే: రోగి ఉన్న చోట ఉండి పనిచేయడం. 2011కి వచ్చేసరికి లెక్క మారింది. విస్టా కోడ్ సంరక్షణను శాఖ ‘ఓసెహ్రా’ అనే లాభాపేక్ష లేని సంస్థకు అప్పగించింది. వ్యక్తులు ఉచితంగా చేరవచ్చు, కంపెనీలైతే రుసుము కట్టాలి. తలుపు బార్లా తెరిచే ఉంది. అయితే ఆసుపత్రుల్లో ఏ సాఫ్ట్‌వేర్ నడవాలన్నది మాత్రం శాఖ తేల్చవలసిన విషయంగానే మిగిలింది. 2017లో విస్టా స్థానంలో సెర్నర్ అనే కంపెనీ వాణిజ్య ఉత్పత్తిని తెస్తామని శాఖ ప్రకటించింది, మరుసటి ఏడాది ఒప్పందం కుదిరింది, 2020లో ఓసెహ్రా మూతపడింది. ఏ సాఫ్ట్‌వేర్ కొనాలో ప్రభుత్వం స్వచ్ఛంద సభ్యులను ఓటు అడగాలని నేననను. కానీ చేరడానికి అడ్డు లేకపోవడమూ, చేరినవారి మాటకు బరువుండటమూ ఒకటి కావని అక్కడ తేలిపోయింది.

ఓపెన్‌ఎంఆర్‌ఎస్ అనే మరో ఓపెన్ సోర్సు వైద్య రికార్డుల వ్యవస్థ దారి వేరు. 2004లో ఇండియానాలోని రీజెన్‌స్ట్రీఫ్ ఇన్‌స్టిట్యూట్, పార్ట్‌నర్స్ ఇన్ హెల్త్ సంస్థల వైద్యులు మొదలుపెట్టిన ఈ వ్యవస్థ 2006లో కెన్యాలోని ఎల్డొరెట్‌లో హెచ్‌ఐవీ రోగుల రికార్డుల కోసం వాడుకలోకి వచ్చింది. ఈ సంఘంలో డెవలపర్లకు మెట్లున్నాయి. మొదటి మెట్టు పేరు ‘డెవ్ నల్’, చివరిది ‘డెవ్ 5’. యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో డెవ్ నల్ అంటే ఏం పడేసినా మాయమైపోయే చోటు. కొత్తగా వచ్చినవాడికి ఆ పేరు పెట్టడంలోని చమత్కారం నాకు నచ్చింది. మెట్టెక్కాలంటే చదువు పట్టా చూపనక్కర్లేదు, చేసిన పని చూపాలి. మన విద్యార్థులకు ఇది మేలైన బడి. కానీ ఈ మెట్లన్నీ కోడ్ రాసేవారివి. కోడ్ రాయని నర్సు ఏ మెట్టు మీద నిలబడాలి?

ఈ ప్రశ్న మన గడ్డకూ కొత్తది కాదు. వర్ణవివక్ష ముగిసిన దక్షిణాఫ్రికాలో 1990ల మధ్యలో మొదలై, ఓస్లో విశ్వవిద్యాలయం పరిశోధకులతో పెరిగిన హిస్ప్ అనే ఆరోగ్య సమాచార వ్యవస్థల కార్యక్రమం 2000 ప్రాంతంలో భారతదేశంలో మొదట అడుగుపెట్టింది చిత్తూరు జిల్లా కుప్పంలోనే, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో. ఆ కార్యక్రమం మూలసూత్రం స్కాండినేవియాది: వ్యవస్థను వాడబోయేవారు దాని రూపకల్పనలోనే కూర్చోవాలి. ఇక్కడ కూర్చోవలసింది ఏఎన్‌ఎం. పగలంతా ఇళ్ల చుట్టూ తిరిగి, అవే గర్భిణుల పేర్లు, అవే టీకాల లెక్కలు ఒక రిజిస్టరులోంచి ఇంకో రిజిస్టరులోకి ఎక్కించి, నెలాఖరున కూడికలు వేసే మనిషికి ఏ గడి అనవసరమో ఎవరూ చెప్పనక్కర్లేదు. అప్పటి హిస్ప్ సాఫ్ట్‌వేర్ ఉచితమే, నడవడానికి మాత్రం కొనుక్కోవలసిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్ కావాలి. ఆ ముడి విప్పడానికే జావా భాషలో కొత్తగా రాసిన దాని తర్వాతి రూపం డీహెచ్‌ఐఎస్2ను 2006లో మొదట కేరళలో వాడారు. ఇప్పుడు అది 70కి పైగా దేశాల్లో ఉంది, ప్రధాన బృందం మాత్రం ఓస్లోలోనే ఉంది.

నా అనుభవం ఒకటి చెబుతాను. ఒక చిన్న ఆసుపత్రిలో ఇలాంటి సాఫ్ట్‌వేరే పెట్టాం. వయసు గడిలో ఏళ్లు మాత్రమే పడతాయి. ఇరవై రోజుల పసికందుకు స్టాఫ్ నర్సు ‘1’ అని కొట్టడం చూశాను. “సున్నా వేస్తే తీసుకోవట్లేదు సార్, అందుకే ఒకటి వేస్తున్నాం. అసలు వయసు కేస్ షీటు మీద పెన్నుతో రాస్తాం” అంది. పసిబిడ్డ మందు మోతాదు లెక్క తప్పగలిగిన చోటది. ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసే సంఘానికి మీరే రాయండి సిస్టర్ అన్నాను. రాయాలంటే కోడ్ ఉంచే గిట్‌హబ్ సైటులో ఖాతా ఉండాలి, ఇంగ్లీషులో టిక్కెట్, అంటే లోపం గురించిన ఫిర్యాదు, తెరవాలి, లోపం మళ్లీ ఎలా కనిపిస్తుందో మెట్టుమెట్టుగా వివరించాలి. డ్యూటీ దిగాక ఇంటికి వెళ్లి వంట చేయవలసిన మనిషికి అవన్నీ ఎక్కడ కుదురుతాయి?

చివరికి ఆ టిక్కెట్ నేనే నా పేరుతో తెరిచాను. నాలుగు నెలలు ఎవరూ పలకలేదు. తర్వాత ఎవరో సరిచేశారు. కొత్త వెర్షన్ ప్రకటనలో లోపం తెలిపినవాడిగా నా పేరుంది. ఆ సంగతి చెబితే సిస్టర్ ఒక్కటే అడిగింది, “అయితే ఇక రోజులు వేయొచ్చా సార్?” వేయొచ్చన్నాను. ఆ ఆసుపత్రిలో ఇంకా పాత వెర్షనే నడుస్తోంది.