నివేదికకెక్కని ఎర్త్ రాడ్డు
(మార్చి 4న నల్లగొండలో జరిగిన విద్యుత్ ఉద్యోగుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదిక మీదున్న ఇంజినీర్లకు, ఆపరేటర్లకు, లైన్‌మెన్లకు, ఆర్టిజన్ సోదరులకు, కుర్చీలు చాలక వెనుక గోడ పక్కన నిలబడ్డ చెల్లెళ్లకు నమస్కారాలు. జాతీయ భద్రతా దినోత్సవం, లైన్‌మెన్ దివస్ ఒకే రోజు రావడంతో మనకు రెండు సభలు పెట్టుకునే శ్రమ తప్పింది. భద్రత, ఆరోగ్యం, ఆడవాళ్లకూ దివ్యాంగులకూ చోటిచ్చే వైవిధ్యం అనే మూడు అంశాల మీద వచ్చే ఏడాది లక్ష్యాలు ఎలా ఉండాలో చెప్పమన్నారు. మూడింటికీ సమానంగా సమయం ఇవ్వమని నిర్వాహకులు కోరారు కానీ, లైన్ ఇన్‌స్పెక్టర్‌గా రిటైరైన నాకు అది చేతనయ్యే పని కాదు.

లైన్ క్లియర్ (ఎల్‌సీ), అంటే కరెంటు ఆపించి లైన్ మీద పని చేయడానికి తీసుకునే అనుమతి గురించి మీకు చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా బయటివారు కూడా ఉన్నారు గనుక చెబుతాను. పని చేయబోయే వ్యక్తి సబ్‌స్టేషన్ ఆపరేటర్‌ను ఎల్‌సీ అడగాలి. ఆపరేటర్ కరెంటు ఆపే బ్రేకర్ తీసి, లైన్‌ను విడదీసే ఏబీ స్విచ్ తెరిచి, తాళం వేసి, బోర్డు తగిలించి, పుస్తకంలో పేరు, సమయం రాసి నంబరు ఇవ్వాలి. పనివాడు తీగలో కరెంటు లేదని పరీక్షించుకుని, తాను నిలబడే చోటుకు రెండు వైపులా, పొరపాటున వచ్చే కరెంటును నేలలోకి పంపే ఎర్త్ రాడ్లు వేసి, ఆ తర్వాతే స్తంభం ఎక్కాలి. ఎల్‌సీ ఉన్నాక మళ్లీ ఎర్త్ దేనికని కొత్తగా చేరిన తమ్ముళ్లు అడుగుతుంటారు. ఎవరో ఇంట్లో సరైన స్విచ్ లేకుండా జనరేటర్ కలిపితే, ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి నడిచి పై తీగల్లో 11 వేల వోల్టులదాకా పెరుగుతుంది. సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ తీసే ఉంటుంది, ఎర్త్ వేయకపోతే స్తంభం మీద మనిషి మాత్రం పోతాడు.

ఇప్పుడు నా అసలు మాటకు వస్తాను. కృష్ణా తీరానికి దగ్గరలో ఒక సెక్షన్, అంటే కొన్ని ఊళ్ల లైన్లు చూసుకునే మన ఆఫీసు, పేరు చెప్పను. ఒక వానకాలం సాయంత్రం గాలిదుమారానికి పొలాల మోటార్లకు కరెంటిచ్చే లైన్, అదే వ్యవసాయ ఫీడర్ మీద కొమ్మ విరిగి పడింది. నాతో పనిచేసిన లైన్‌మన్ ఫోన్‌లో ఎల్‌సీ తీసుకుని స్తంభం ఎక్కాడు. అది సబ్‌స్టేషన్‌లో షిఫ్టు మారే వేళ. దిగిపోయే ఆపరేటర్ పుస్తకంలో ఎల్‌సీ రాశాడు కానీ, వచ్చినవాడికి నోటితో చెప్పలేదు. ‘లైన్ మీద మనుషులున్నారు’ అనే రేకు బోర్డు తాడు తెగి ఎన్నో నెలలుగా బల్ల కింద దుమ్ము పట్టి ఉంది. మోటార్లు ఆగిన రైతులు ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేస్తుంటే, కొత్త ఆపరేటర్ ఫీడర్ మామూలుగానే ట్రిప్ అయి ఆగిందనుకుని బ్రేకర్ వేసి కరెంటిచ్చాడు. మా వాడికి ప్రాణం దక్కింది గానీ, కుడి చెయ్యిని మోచేతి పైదాకా తీసేయాల్సి వచ్చింది.

విచారణ జరిగింది. బాధితుడు ఎర్త్ రాడ్ వేయకుండా పనిలోకి దిగాడని నివేదిక వచ్చింది. వేయలేదన్నది నిజమే. ఆ సెక్షన్ మొత్తానికి ఉన్నది ఒకే జత రాడ్లనీ, ఆ సాయంత్రం అవి మరో ఊళ్లో మరో లైన్ మీద ఉన్నాయనీ మాత్రం అందులో ఒక్క వాక్యం లేదు. అయ్యా, వేదిక మీది పెద్దలను నేను అడిగేది ఇదే. స్తంభం మీది మనిషి ఏం చేయలేదో రాసిన చేత్తోనే, స్టోరు అతనికి ఏమివ్వలేదో ఎందుకు రాయరు? విచారణకు వచ్చినవారిలో ఒక్కరైనా స్తంభం ఎక్కిన అనుభవం ఉన్నవారు ఉంటే, ఎర్త్ రాడ్డు ఎక్కడుందని మొదటే అడిగి ఉండేవారు.

వైవిధ్యం గురించి చెప్పమన్నారు కదా, అది కూడా ఈ కథలోనే ఉంది. చెయ్యి పోయిన ఆ లైన్‌మన్‌ను హోదా తగ్గించి అటెండర్‌గా కూర్చోబెట్టారు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిన మనిషిని ప్రభుత్వ సంస్థ తొలగించరాదనీ, హోదా తగ్గించరాదనీ, ఆ పనికి పనికిరాకపోతే అదే జీతంతో మరో పోస్టుకు మార్చాలనీ 1995 నాటి చట్టం చెప్పింది, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ కూడా చెబుతోంది. అర్జీల మీద అర్జీలు పెట్టి చివరకు సరిచేయించుకున్నాం. దివ్యాంగుల నియామకాల శాతం చూపే పట్టికల్లో, మన పనే దివ్యాంగులను చేసినవారికి కూడా ఒక వరుస ఉండాలి.

ఆడవాళ్ల విషయానికి వస్తే, 2019లో జూనియర్ లైన్‌మన్ పోస్టులు పడినప్పుడు వాళ్లకు అవకాశమే లేకపోతే, ఇద్దరు యువతులు హైకోర్టుకు వెళ్లి సాధించుకుని, 2020 డిసెంబరులో స్తంభం ఎక్కి చూపించారు. అదే ఏడాది ఆగస్టు 20 రాత్రి మన పాత మహబూబ్‌నగర్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు భూగర్భ జలవిద్యుత్ కేంద్రంలో మంటలు రేగి తొమ్మిది మంది చనిపోతే, వారిలో ఒక యువ మహిళా అసిస్టెంట్ ఇంజినీర్ ఉన్నారు. ప్రమాదంలో సమానంగా నిలబడ్డవారికి సౌకర్యంలో వాటా అడగడం గొంతెమ్మ కోరిక కాదు. రాత్రి షిఫ్టు చేసే ఆడపిల్లకు సబ్‌స్టేషన్‌లో లోపల గడియ పడే మరుగుదొడ్డి, ఆమె నడుముకు సరిపోయే సేఫ్టీ బెల్టు, పది మంది పనిచేసే ప్రతి చోటా పనిచోట లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం అడిగే అంతర్గత కమిటీ ఉంటే చాలు, పోస్టర్లు తర్వాత అంటించుకోవచ్చు.

ఆరోగ్యం మీద ఒక్క మాటే. మర్రిగూడ, మునుగోడు, చండూరు వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి పెరిగినవాళ్లలో కీళ్లు బిగుసుకుపోయినవాళ్లున్నారు. మెడ తిప్పలేని, మోకాలు పూర్తిగా మడవలేని మనిషి మే నెల ఎండలో స్తంభం ఎక్కితే ఏమవుతుందో వైద్య శిబిరంలో ఎవరూ అడగరు. బీపీ, షుగర్ చూసి పంపేస్తారు. కీళ్లు, మెడ, చేతి పట్టు పరీక్షించి, ఎక్కలేనివారికి జీతం తగ్గకుండా కింద పని ఇవ్వాలి. లేకపోతే, పని పోతుందన్న భయంతో నొప్పి దాచుకుని ఎక్కుతూనే ఉంటారు.

సమయం మించిందని చీటీ వచ్చింది. ఎన్ని ప్రమాదాలు తగ్గించాలో అంకె రాసుకునే ముందు, ప్రతి సెక్షన్‌లో ఎన్ని జతల ఎర్త్ రాడ్లున్నాయో, వాటిలో క్లాంపు బిగిసేవి ఎన్నో, సబ్‌స్టేషన్‌లో బోర్డులకు తాళ్లున్నాయో లేవో రాసుకుందాం. భోజనాలకు ఇంకా కొంత వ్యవధి ఉంది, కాగితాలు నేను తెచ్చాను. ఇంజినీర్లు కూడా దిగివచ్చి కూర్చుంటే సంతకాలు ఇక్కడే అయిపోతాయి. మిర్యాలగూడ వైపు నుంచి వచ్చినవారు ముందుకు రండి, మీతోనే మొదలుపెడదాం.