తాడు విప్పే ముందు గడియారం చూడండి

రాయగడ, కోరాపుట్, జయపురం నుంచి పన్నెండు మంది పొద్దున్నే బయల్దేరారు. గెడ్డ (కొండవాగు) వెంట నడిచి, లోయలో రెండు చోట్ల తాడు మీద దిగి, చీకటి పడేలోగా రోడ్డెక్కాలి. దుడుమ జలపాతం దగ్గర దిగొచ్చా అని మాత్రం అడగకండి. అది 175 మీటర్లు. మనం మాట్లాడుకునేది 20 మీటర్ల బండ గురించి.

ముందు టైము చూడండి. హార్నెస్ (నడుముకీ తొడలకీ కట్టుకునే పట్టీలు) సరిచూసి, తగిలించి, దింపేసరికి మనిషికి పది నిమిషాలు. పన్నెండు మందికి రెండు గంటలు, రెండు బండలకు నాలుగు. డిసెంబరులో ఐదుంబావుకల్లా పొద్దు గూకుతుంది, లోయ అడుగున ఇంకా ముందే మసక. పదింటికి మొదటి మనిషి తాడు మీద లేకపోతే రెండో బండ మానుకోండి. ఎందుకంటే బండ దిగి తాడు కిందికి లాగేశాక వెనక్కి దారి లేదు.

తాడు 10.5 లేదా 11 మి.మీ. స్టాటిక్, అంటే పెద్దగా సాగనిది. డైనమిక్ తాడు సాగుతుంది, మనిషి ఊగినప్పుడల్లా అంచుకు ఒరుసుకుంటుంది. అంచు కింద పాత గోనెసంచి మడిచి పెట్టండి. దిగాక కిందికి లాక్కోవాల్సిన తాడు రెండు పేటలు కదా, 20 మీటర్లకు 40, కట్టుకీ కొసలకీ కలిపి 50. రెండు కొసలకూ విడివిడిగా ముడి వేయండి. లాగే ముందు విప్పడం మరిస్తే ఆ ముడే పైన ఇరుక్కుంటుంది.

మన కొండల్లో తుప్పురంగు ఖోండలైట్ రాయి చూడ్డానికి గట్టిగానే ఉంటుంది, పెచ్చులూడుతుంది. తడితే డొల్లగా మోగిందా, వదిలేయండి. యాంకర్లు (తాడును పైన కట్టే ఆధారాలు) రెండు, వేర్వేరు రాళ్లకో చెట్లకో. వాటి నుంచి వచ్చే కట్ల మధ్య కోణం 60 డిగ్రీలు దాటకూడదు. 120 అయితే ఒక్కో యాంకర్ మీద మొత్తం బరువూ పడుతుంది, రెండు పెట్టిన లాభమే లేదు.

ఫిగర్ ఎయిట్‌లో (తాడు దూర్చి దిగే 8 ఆకారపు లోహపు డిసెండర్) ఎక్కువగా ఇరుక్కునేవి జడ, చున్నీ, వదులు చొక్కా. బిగించి లోపలికి దోపండి. ఇరుక్కుంటే కత్తి తీయొద్దు, బరువు మోస్తున్న తాడు కత్తి తగిలితే చాలు తెగుతుంది. డిసెండర్ కింద 6 మి.మీ. తాడుతో మూడు చుట్ల ప్రూసిక్ (బరువు పడితే తాడును బిగించి పట్టే ముడి) ఉంటే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. కింద ఒకరు కొసలు పట్టుకుని, రాళ్లు పడే వరసకు పక్కగా నిలబడాలి. దిగేవాళ్ల చెయ్యి జారితే కిందివాళ్లు తాడు గట్టిగా లాగితే చాలు, ఆగిపోతారు.

బండకు పెద్ద తేనెపట్టు కనిపిస్తే ఆ రోజుకి అంతే. సెంటు వద్దు, పొగ వద్దు, కేకలు వద్దు. మీ నెత్తిన ఎండ కాస్తున్నా పై కొండల్లో వాన పడుతుండొచ్చు. గెడ్డ నీళ్లు ఎర్రబారి ఆకులూ పుల్లలూ తేలొస్తే, ఎవరి వంతు మిగిలినా సరే, గట్టెక్కేయండి.