కేబీఆర్ పార్కు కంపలో ఎవరెవరు కాపురం ఉంటున్నారో చూద్దాం రండి

హాయ్ అండీ, అందరికీ నమస్తే. టైమ్ ఇప్పుడు పొద్దున ఆరుంబావు, నేను కేబీఆర్ పార్కు లోపల ఉన్నా, వెనకాల పిల్లి అరిచినట్టు వినిపిస్తోంది కదా, అది నెమలి. మా తమ్ముడు మొదటిసారి వచ్చినప్పుడు నిజంగానే పిల్లి ఎక్కడో ఇరుక్కుందనుకుని పొదల్లో వెతికాడు పాపం.

సరే విషయానికి వస్తా. నిన్న ఇక్కడే కెమెరా పెట్టుకుని ఒక పొద ముందు కూర్చుంటే వాకింగ్ చేస్తున్న ఒక అంకుల్ ఆగి, "ఏముంది నాయనా అందులో, అంతా కంపే, ఇదంతా కొట్టేసి గులాబీలు పెడితే ఎంత బాగుంటుందో" అన్నారు. మంచి మనిషే, మంచి ఉద్దేశంతోనే అన్నారు, కానీ ఆయన కంప అన్నదాని గురించే ఇవాళ్టి వీడియో అంతా.

ముందు ఈ జాగా గురించి రెండు ముక్కలు. జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ మధ్యలో చుట్టూ ట్రాఫిక్కు, నడిమధ్యలో ఈ అడవి. లోపల చిరాన్ ప్యాలెస్ ఉంటుంది, ఏడో నిజాం మనవడు ముకర్రం జాది, ఆ ప్యాలెస్ చుట్టూ ఉన్న జాగానే 1998లో నేషనల్ పార్క్ చేసి మాజీ ముఖ్యమంత్రి కాసు బ్రహ్మానంద రెడ్డి గారి పేరు పెట్టారు. సైజు చూస్తే సుమారు 1.4 చదరపు కిలోమీటర్లే, నేషనల్ పార్కుల్లో చిన్నపిల్ల లెక్క. రాళ్లు, పల్చటి మట్టి, ముళ్లపొదలు, అసలు దక్కన్ నేల అంటే ఇలాగే ఉంటుంది, మనమే పచ్చటి లాన్ ఉంటేనే పార్కు అనుకోవడం అలవాటు చేసుకున్నాం.

ఇదిగో ఈ పసుపు పూలు, తంగేడు. దీనికి పరిచయం ఏం అక్కర్లేదు, ఇంకొన్ని రోజుల్లో బతుకమ్మ, అప్పుడు చూడాలి దీని డిమాండు. తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా ఇదే. కానీ దగ్గరకి రండి, ఇంకా దగ్గరకి, ఫోకస్ అవనివ్వండి... ఆ మధ్యలో వంకీ తిరిగిన గొట్టాల్లాంటివి కనిపిస్తున్నాయా, అవి కేసరాలు. ఈ పువ్వులో తేనె ఉండదు. పుప్పొడి ఒక్కటే జీతం, అది కూడా ఆ గొట్టాల లోపల పెట్టి తాళం వేసినట్టు ఉంటుంది, చివర్లో చిన్న బెజ్జం అంతే. ఇప్పుడు నల్ల తుమ్మెద వస్తుంది చూడండి, వచ్చి పువ్వుని కాళ్లతో గట్టిగా పట్టుకుని, రెక్కలు ఆడించకుండానే ఒళ్లంతా జుయ్ మని వణికిస్తుంది, విన్నారా, ఎగిరేటప్పటి సౌండ్ వేరు, ఇది ఇంకాస్త సన్నగా ఉంటుంది, ఆ వణుకుడికి పుప్పొడి బెజ్జంలోంచి జల్లున రాలి దాని పొట్ట మీద పడుతుంది. ఉప్పుడబ్బా అడుగున తట్టినట్టు. నేను ఈ ఒక్క షాట్ కోసం మూడు ఆదివారాలు తిరిగా, మా ఇంట్లో అడిగితే చెప్తారు.

అసలు సంగతి ఆకుల్లో ఉంది కానీ. లేత పసుపు పచ్చ సీతాకోకచిలుకలు గుంపులుగా తిరుగుతుంటాయి చూడండి వర్షాకాలంలో, అవి గుడ్లు పెట్టేది తంగేడు, రేల లాంటి చెట్ల మీదే. వాటి గొంగళిపురుగులకి ఈ ఆకే కావాలి, గులాబీ ఆకు పెడితే తినవు. ఆ పురుగులు ఎవరికి కావాలి? పిట్టలకి. పండ్లు తినే పికిలిపిట్ట, తేనె తాగే తేనెపిట్ట, ఇవి కూడా పిల్లలు పుట్టాక పురుగులే పట్టుకెళ్లి పెడతాయి, ఎందుకంటే పిల్లకి సుమారు రెండు వారాల్లోనే రెక్కలు రావాలి, దానికి ప్రోటీన్ కావాలి కదా. నర్సరీ నుంచి తెచ్చిన మొక్కకి మందు కొట్టి ఒక్క పురుగు లేకుండా చేస్తే మనకి అందంగా ఉంటుంది, పిట్టకి మాత్రం అది రేషన్ లేని రేషన్ షాపు.

ఇక ఈ ముళ్లపొద. ఇది పరికి, అటుపక్క ఉన్నది బలుసు. చెయ్యి పెట్టి చూడండి, వద్దులెండి, నా మోచేతి మీద గీతలు చూస్తే చాలు. పికిలిపిట్ట గూడు ఇలాంటి చోటే, మన ఛాతీ ఎత్తులో, గిన్నె ఆకారంలో సన్నటి వేళ్లు, పుల్లలు అల్లి పెడుతుంది. పిల్లి రాదు, కాకికి లోపలికి దూరే సందు ఉండదు. కొట్టేద్దామన్న ఆ ముల్లే దానికి వాచ్‌మన్.

నాకు మాత్రం వీటన్నిటిలో ఇష్టం దర్జీ పిట్ట. బొటనవేలంత ఉంటుంది, అరిస్తే మాత్రం సందు సందంతా వినపడుతుంది. వెడల్పాటి ఆకు చూసుకుని అంచుల్లో ముక్కుతో బెజ్జాలు పొడిచి, సాలీడు దారమో దూదో లాక్కొచ్చి రెండంచుల్నీ కలిపి కుడుతుంది. ముడి వెయ్యదు, దారం బయటికొచ్చిన చోట పోగులు విచ్చుకుని అవే బొత్తాంలా పట్టుకుంటాయి. ఆకు చెట్టుకే ఉంటుంది కాబట్టి పచ్చగానే ఉంటుంది, గూడు అని ఎవరికీ అనుమానం రాదు. నేను ఇందాకటి నుంచి దాని ముందే నిలబడ్డా, ఎక్కడో చూపించను, ఏమనుకోకండి. గూడు లొకేషన్ పెడితే రేపొద్దున పదిమంది ఫోన్లు పట్టుకుని వస్తారు, తల్లి భయపడి వదిలేసి పోతుంది. 1972 వన్యప్రాణి చట్టంలో గుడ్లు, గూళ్లు పాడుచేయడం కూడా వేట కిందే లెక్క, అది కూడా చెప్పేస్తున్నా.

ఇంకోటి ఉంది ఇక్కడ, కొంచెం చిక్కు ప్రశ్న. ఈ రంగురంగుల పూలగుత్తులు చూశారుగా, లాంటానా, కొన్ని ఊళ్లలో తలంబ్రాల చెట్టు అంటారు. ఇది మనది కాదు, అమెరికా ఖండం నుంచి ఇంగ్లీషువాళ్లు 1800ల మొదట్లో కలకత్తాకి తోట మొక్కగా తెచ్చారు, ఇప్పుడు దేశమంతా వాళ్ల కంటే ఎక్కువ ఇదే పాలిస్తోంది. దీన్ని ఊరంతా చల్లింది ఎవరంటే మన పికిలిపిట్టే, పండు తినడం గింజ వదలడం. పైగా దీంట్లో గూళ్లు కూడా పెడతాయి. మరి పీకాలా వద్దా? పీకాలి అనే నేనంటాను, కానీ ఒకేసారి జేసీబీ పెట్టి కాదు, పిల్లల సీజన్ అయ్యాక కొంచెం కొంచెం, ఆ జాగాలో బలుసో తంగేడో పెట్టుకుంటూ.

జేసీబీ అంటే గుర్తొచ్చింది. మా కాలనీ వెనకాల ఒక ఖాళీ ప్లాటు ఉండేది, తంగేడు, గునుగు, నేల మీద నీలంగా విష్ణుక్రాంత. రెండేళ్ల కింద అక్కడ తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టింది, గూడు ఏం లేదు, కంకర మధ్యలో ఉత్త నేల మీద, గుడ్లు కూడా కంకర రంగే. ఎండ బాగా ముదిరినప్పుడు తల్లి కాలువ దాకా పోయి పొట్ట ఈకలు తడుపుకుని వచ్చి గుడ్ల మీద కూర్చునేది, ఏసీ లాగా. ఒకరోజు "క్లీనింగ్" అని మిషన్ వచ్చింది. డ్రైవర్ అన్నకి చూపిస్తే ఆయన పాపం దిగి చుట్టూ నాలుగు రాళ్లు పెట్టి పక్కనుంచి తవ్వాడు. పని చేయిస్తున్నాయన సాయంత్రం ఇంకో మిషన్ తెప్పించి మొత్తం చదును చేయించాడు. ఇప్పుడక్కడ గడ్డి పరిచారు, రోజూ ట్యాంకర్ నీళ్లు, ఒక్క పిట్ట కూడా దిగదు. పోనీలెండి, పొద్దున్నే ఎందుకు ఆ గోల.

చాతక పక్షి గురించి కూడా చెప్పాలి, వానచినుకు కోసం నోరు తెరుచుకుని ఉంటుందని పద్యాల్లో తెగ పొగుడుతారు కదా. అసలు సంగతేంటంటే అది గూడే కట్టదు. అదిగో అక్కడ నేల మీద ఆకులు తిరగేస్తూ గుంపుగా కొట్లాడుకుంటున్న మట్టిరంగు పిట్టలు, బాబ్లర్లు, వాటి గూట్లో నీలి గుడ్డు పెట్టేసి పోతుంది, బాబ్లర్ గుడ్డు కూడా నీలమే కాబట్టి తేడా తెలియదు. వానతో పాటు వస్తుంది అన్నది మాత్రం నిజం, ఎందుకంటే అప్పుడే పురుగులు దండిగా ఉంటాయి.

పాలపిట్ట అడుగుతారని తెలుసు, దసరాకి చూడాలని. అది పొదలో కాదు, ఎండిన చెట్టు తొర్రలో గుడ్లు పెడుతుంది, ఎండింది కదా అని కొట్టేస్తే దాని ఇల్లు... ఆగండి ఆగండి, దర్జీ పిట్ట వచ్చింది. నోట్లో పచ్చగా ఏదో ఉంది. గొంగళిపురుగే, తంగేడు వైపు నుంచే వచ్చింది. నేను ఇక్కడ నిలబడ్డానని లోపలికి వెళ్లట్లేదు, కొమ్మ మీదే తోక ఆడిస్తూ తిడుతోంది. సారీ తల్లీ, పోతున్నా. కెమెరా ఆపేస్తున్నా అండీ, ఉంటా.