అగెరు, కురెరు, మొరౌ: జపనీస్‌లో ఒక్క "ఇవ్వడం"కి ఇన్ని వెర్బ్స్ ఎందుకు?

హాయ్ అండి అందరికీ. ముందు ఈ మూడు ముక్కలు వినండి, ఫిబ్రవరి 14 సాయంత్రం టోక్యోలో ఇద్దరు ఫ్రెండ్స్ మాట్లాడుకుంటున్నారు అనుకోండి.

– చొకో, దరెకా ని మొరత్తా?
– ఉన్, తనకా సాన్ గా కురెతా.
– ఒకాయెషి, నాని అగెరు నో?

అంటే, చాక్లెట్ ఎవరైనా ఇచ్చారా? ఆ, తనకా గారు ఇచ్చారు. మరి తిరిగి ఏమిస్తున్నావ్? మనకి మూడు చోట్లా "ఇవ్వడం"తోనే పనైపోయింది, వాళ్ళకి మాత్రం మూడూ వేరే వేరే వెర్బ్స్.

జపాన్‌లో ఆ రోజు చాక్లెట్ ఇచ్చేది ఆడవాళ్ళు, ఆఫీసులో మొహమాటానికి పంచేది గిరి చొకో, మనసులో ఉన్నవాళ్ళకి ఇచ్చేది హొన్‌మెయ్ చొకో, తీసుకున్న మగవాళ్ళు మార్చి 14న వైట్ డే రోజు తిరిగి ఇవ్వాలి, ఆ తిరిగిచ్చేదే ఒకాయెషి.

ఇప్పుడు గ్రామర్. నా వైపు నుంచి బయటికి వెళ్తే అగెరు. బయటి నుంచి నా వైపుకి వస్తే కురెరు. మొరౌ అంటే పుచ్చుకోవడం, అక్కడ సబ్జెక్ట్ తీసుకున్నవాళ్ళు. తనకా సాన్ గా కురెతా అన్నప్పుడు (ఈ గా సబ్జెక్ట్ ఎవరో చెప్తుంది) "నాకు" అనే మాటే లేదు చూడండి, కురెతా అనగానే నాకే అని వినేవాళ్ళకి తెలిసిపోతుంది.

నాకు బాగా నచ్చేది ఏంటంటే ఈ "నా వైపు"లో నేనొక్కడినే ఉండను, నా ఇంటివాళ్ళు కూడా ఉంటారు. తనకా గారు మా చెల్లికి పుస్తకం ఇచ్చినా తనకా సాన్ గా ఇమోతో ని హొన్ ఒ కురెతా అనాలి, అగెతా అంటే సొంత చెల్లిని పరాయిదాన్ని చేసినట్టు వినిపిస్తుంది. ఎవరు మనవాళ్ళు ఎవరు బయటివాళ్ళు అన్నది, వాళ్ళు ఉచి, సొతో అంటారు, వెర్బ్‌లోనే ఉందన్నమాట.

తెలుగువాళ్ళు తడబడే చోటు ఇంకోటుంది. ని అంటే "కి" అని మనం ఫస్ట్ నేర్చుకుంటాం కదా, హహా ని తొకెయ్ ఒ మొరత్తా అంటే అమ్మకి వాచీ ఇచ్చానేమో అనిపిస్తుంది, కాదు, అమ్మ దగ్గర్నుంచి వాచీ తీసుకున్నాను అని. మొరౌ పక్కన ని వస్తే ఇచ్చినవాళ్ళు ఎవరో అది చెప్తుంది, అక్కడ కరా, అంటే "నుంచి", వాడినా కరెక్టే.

అసలు సంగతి ఇక్కడుంది. ఇది వస్తువులతో ఆగదు, సాయానికి కూడా ఇవే వెర్బ్స్. ఫ్రెండ్ స్టేషన్ దాకా దింపాడు అనుకోండి, ఎకి మదె ఒకుత్తె కురెతా. ఉత్త ఒకుత్తా అంటే జరిగింది చెప్పినట్టే ఉంటుంది, నా కోసం చేశాడు అన్న ఫీలింగ్ రాదు, అందుకే ఎదుటివాళ్ళకి కాస్త చప్పగా తగులుతుంది. మనకి ఇది కొత్తేం కాదండి, రాసిపెట్టాడు, కొనిచ్చాడు, చేసిపెట్టింది అని రోజూ అంటాం కదా, జపనీస్ తె ఫామ్ మన "రాసి, కొని, చేసి" లాంటిదే, దాని పక్కన కురెతా పెడితే సరిపోతుంది. ఇంగ్లీష్ మీదుగా నేర్చుకుంటే ఇది అంత తేలిగ్గా ఎక్కదు, దయచేసి తెలుగులోంచే ఆలోచించండి.

ఒక్క జాగ్రత్త, తె అగెరుని పెద్దవాళ్ళ మొహం మీద వాడకండి. టీచర్ బ్యాగ్ మోస్తానని చెప్పడానికి మొత్తె అగెమషో కా అంటే మీకేదో ఉపకారం చేస్తున్నా అన్నట్టు ఉంటుంది, ఒమొచి షిమషో కా అనండి. పెద్దవాళ్ళ దగ్గర కురెరు కాస్తా కుదసరు అవుతుంది, మొరౌ ఇతదకు అవుతుంది. భోజనం ముందు చేతులు జోడించి ఇతదకిమస్ అంటారే, అదే ఈ ఇతదకు.

ఇప్పుడు మీ వంతు. ఈ వారం మీకు ఎవరు ఏం చేసిపెట్టారో కురెతాతో ఒకటి, అదే విషయం మొరత్తాతో ఒకటి రాసి కామెంట్‌లో పెట్టండి, ని, గా తారుమారు అయితే నేను సరిచేసి రిప్లై ఇస్తాను.