ముందు ఈగను పెంచండి
(డిగ్రీ కాలేజీ జువాలజీ విద్యార్థుల సభలో చేసిన ప్రసంగం)

ప్రిన్సిపాల్ గారికి, వేదిక మీది పెద్దలకు, పిల్లలకు నమస్కారం. శాలువా వద్దన్నా కప్పారు. ఈ ఉక్కలో దాన్ని పక్కన పెడుతున్నాను, ఏమీ అనుకోకండి. బల్ల మీద ఆ డబ్బా నాదే. దయచేసి ఎవరూ మూత తీయకండి.

ఫోరెన్సిక్ ఎంటమాలజీ, అంటే శవం మీది పురుగుల వయసును బట్టి మనిషి చనిపోయిన సమయం లెక్కగట్టే చదువు, ఎక్కడ చదవాలో చెప్పమన్నారు. పేర్లయితే రెండు నిమిషాల పని. గాంధీనగర్‌లో నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీ ఉంది, 2020 చట్టంతో జాతీయ స్థాయికి వచ్చింది. ఉస్మానియాలో ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ ఉంది. శవాల మీద వాలే ఈగల మీద పరిశోధన అంటే పటియాలాలో పంజాబీ యూనివర్సిటీ జువాలజీ వాళ్ళు గుర్తొస్తారు. అమెరికా వెళ్ళగలిగితే పర్డ్యూ, టెక్సస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీలు. అయిపోయింది. ఇక నేను చెప్పాలనుకుని వచ్చింది చెబుతాను.

నా స్టూడెంట్ ఒకమ్మాయి బ్రోషర్ చూసి ఒక ప్రైవేటు సంస్థలో చేరింది. అట్ట మీద మైక్రోస్కోపు, పసుపు టేపు, తెల్ల కోట్లు. ఊరు పేరు చెప్పను. ఏడాది తర్వాత ఫోన్ చేసింది. "మాస్టారూ, ఈగల చాప్టర్ మొత్తం పీపీటీలో అయిపోయింది. ఒక్క పురుగునూ చూడలేదు" అంది. సెలవులకు మా ఇంటికి రమ్మన్నాను.

బజారుకెళ్ళి బొచ్చె చేప తలకాయ ఒకటి తెచ్చాం. డాబా మీద నీడలో ఇసుక ట్రేలో పెట్టి, పిల్లులు రాకుండా పైన కోళ్ళ జాలీ వేశాం. పావుగంట కాలేదు, పచ్చగా మెరుస్తూ ఈగలు దిగాయి. సాయంత్రానికి మొప్పల సందులో వరి నూకలా తెల్లటి గుడ్లు. మర్నాటికి పురుగులు. పక్కింటివాళ్ళు అదే రోజు డాబా మీద ఒడియాలు పెట్టారు, ఇక ఆ గొడవ చెప్పక్కర్లేదు.

ఆ అమ్మాయి పూటపూటా థర్మామీటర్ చూసి రాసింది. పురుగుల గుంపు మధ్యలో పెడితే బయటి గాలికంటే నాలుగు డిగ్రీలు ఎక్కువ! వేడి పెరిగితే పురుగు తొందరగా ఎదుగుతుంది. ఇది లెక్కలో వేయకపోతే చనిపోయిన సమయం తప్పుతుంది. పురుగు వెనక ఊపిరి రంధ్రాలు చూసింది: ఎదుగుదల రెండో దశలో రెండేసి చీలికలు, మూడో దశలో మూడేసి. మూడో రోజు కిందికి పరిగెత్తుకొచ్చింది. "మాస్టారూ, ఇవి వాటిని తింటున్నాయి!" ఒంటి నిండా ముళ్ళలాంటివి ఉన్న పురుగులు. క్రైసోమియా రూఫిఫేసిస్ అనే ఈగ జాతి పిల్లలు. ముందొచ్చిన ఈగల పిల్లల్ని అవి తినేస్తే, మిగిలినవాటిని మాత్రమే చూసి లెక్క కట్టేవాడికి రోజులు తగ్గిపోతాయి. ఇది ఏ పీపీటీ చెబుతుంది?

నాకెందుకింత పట్టుదల అంటారా? చాలా ఏళ్ళ క్రితం ఒక పోలీసు స్టేషన్ నుంచి నా దగ్గరికి ఒక హార్లిక్స్ సీసా వచ్చింది. ఫార్మలిన్‌లో ఉండలు కట్టిన పురుగులు. ఎక్కడ తీశారు, ఎప్పుడు తీశారు, ఎండలోనా నీడలోనా, ఒక్క ముక్క రాయలేదు. శవం చుట్టూ ఫినాయిల్ కూడా చల్లారట, వాసనకి. సగం పురుగుల్ని బతికుండగా పెంచాలని, మిగతా సగాన్ని మరిగే నీళ్ళలో ముంచి ఆల్కహాల్‌లో వేయాలని వాళ్ళకెవరూ చెప్పలేదు. నేనేం చెప్పలేకపోయాను. తండ్రి అనుకుంటా, ఒకాయన వరండాలో కూర్చుని ఉన్నాడు. ఆయనకి నేను ఏమీ చెప్పకుండానే సీసా తిరిగిచ్చేశాను.

ఏం చెబుతున్నాను? ఆ, కాలేజీ. వెళ్ళినప్పుడు బిల్డింగ్ చూడకండి. ఈగల్ని పెంచే గది ఎక్కడుందో అడగండి. తాళం వేసి ఉంటే తీయించండి. కంపు కొట్టకపోతే అనుమానించండి. సీనియర్ల రికార్డు పుస్తకం అడగండి, అందులో ఉష్ణోగ్రతలు ఉన్నాయో లేదో చూడండి. ఫోరెన్సిక్ ఎంటమాలజిస్టు పోస్టు అని నోటిఫికేషన్ కోసం కూర్చోకండి, ఫోరెన్సిక్ ల్యాబుల్లో బయాలజీ విభాగం మీ దారి. అందుకే ముందు ఈగ జాతుల్ని గుర్తుపట్టడం గట్టిగా నేర్చుకోండి, అది జువాలజీ ఎమ్మెస్సీలోనైనా సరే.

తల్లిదండ్రులు కొందరు వచ్చారు. మీకొక మాట. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, అదే పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం, 176వ సెక్షన్, ఏడేళ్ళూ అంతకు మించీ శిక్షపడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు స్థలానికి వెళ్ళాలంటోంది. రాష్ట్రాలకు ఐదేళ్ళ గడువు ఇచ్చింది. మనుషులు కావాలి. మీ అమ్మాయి పురుగుల్ని ముట్టుకుంటోందని కోప్పడకండి.

టైమ్ అయిందని ప్రిన్సిపాల్ గారు వాచీ చూసుకుంటున్నారు. ఆ డబ్బాలో ఇసుకలో ప్యూపాలు, అంటే పురుగు ఈగగా మారే ముందు ఉండే గుల్లలు, ఉన్నాయి, ఇరవై మూడు. రెండు మూడు రోజుల్లో ఈగలు బయటికొస్తాయి. మీ ల్యాబులో వదిలి వెళ్తున్నాను. రోజూ పొద్దున, సాయంత్రం రీడింగ్ రాయాలి, ఆదివారం కూడా. ఎవరు రాస్తారు? చెయ్యెత్తండి. వెనక బెంచీ అమ్మాయి... నువ్వేనా? పేరు రాసివ్వమ్మా, థర్మామీటర్ నా సంచిలో ఉంది.